మెల్లగా అంటే ఎంతసేపు

ఈ వీడ్కోలు సభకు అధ్యక్షత వహిస్తున్న మా థియేటర్ మేనేజర్ గారికి, ముందు వరుసలో కూర్చున్న పెద్దలకు, నటీనటులకు, మేకప్ గదిలోంచి సగం ముఖం కడుక్కుని పరుగెత్తుకొచ్చిన మిత్రులకు, గుమ్మం దగ్గర టిక్కెట్లు చింపే మా తమ్ముళ్ళకు, అందరికీ నమస్కారం. ఇన్నేళ్ళూ ఈ వేదిక మీద నిలబడ్డ వాళ్ళ ముఖాన లైటు వేయడమే నా ఉద్యోగం. ఇవాళ నా ముఖాన ఎవరో వేస్తుంటే కళ్ళు తెరవలేకపోతున్నాను. కొంచెం తగ్గించమ్మా. ఇంకాస్త. ఆ, చాలు. (నవ్వులు)

మేనేజర్ గారు నా గురించి చాలా మంచి మాటలు చెప్పారు. ఈయనే, రెండేళ్ళ క్రితం నన్ను తన గదికి పిలిచి, టీ ఇచ్చి, "మీకు కంప్యూటర్ రాదు కదండీ, కాస్త ముందుగానే విశ్రాంతి తీసుకుంటే ఎలా ఉంటుందంటారు?" అని ఎంతో మర్యాదగా అడిగారు. చూడండి, నవ్వుతున్నారు, గుర్తున్నట్టుంది. ఆయన తప్పేం లేదు లెండి. మా పాత లైటింగ్ బోర్డు అప్పుడే, రిహార్సల్ మధ్యలో, పొగలు కక్కుకుంటూ చచ్చిపోయింది. దాని స్థానంలో కొత్త కంప్యూటరు వస్తోంది. నాకేమో దాన్ని ఎక్కడ నొక్కితే వెలుగుతుందో కూడా తెలియదు.

ఆ పాత బోర్డు కథ కొత్తవాళ్ళకు చెప్పాలి. నాకు ఈ పని నేర్పిన మా గురువుగారు, ఆయన పోయి చాలాకాలమైంది, ఏ దీపం ఎప్పుడు వెలగాలో ఎప్పుడు ఆరాలో ఆ బోర్డులో మాటలుగా రాసి పెట్టేవారు. మాటలు కూడా మనమే పెట్టుకునే వీలుండేది అందులో. ఆయన తన మాటలే పెట్టుకున్నారు. "నీలం వెలిగించు. ఆగు. కుడివైపు ఆర్పు. మళ్ళీ." ఇంట్లో మనిషికి పని పురమాయిస్తున్నట్టు ఉండేది. బోర్డు చచ్చినా, రిపేరు చేసే ఆయన ఎలాగో తంటాలు పడి ఆ ఫైళ్ళు బయటికి తీసిచ్చాడు. తీసి ఏం లాభం? కొత్త కంప్యూటరుకు ఆ భాషలో ఒక్క ముక్క అర్థం కాదు.

సరిగ్గా అప్పుడే గురువుగారి జ్ఞాపకార్థం ఆయన లైట్లు కూర్చిన నాటకమే మళ్ళీ వేస్తామని నాటకం వాళ్ళు తేదీ ప్రకటించేశారు. అందులో ఒకప్పుడు నాయిక వేషం వేసింది మా గురువమ్మ, అంటే గురువుగారి భార్య. "తెల్ల లైటు వేసి కానిచ్చేద్దాం, ఎవరికి తెలుస్తుంది?" అన్నారు మేనేజర్ గారు. నాకు తెలుస్తుంది కదండీ. ఆయన నాటకం, ఆయన పేరు మీద, ఆయన లైట్లు లేకుండానా? ఆ పూట నాకు ముద్ద దిగలేదు.

మా కోడలు ప్రోగ్రామర్. అదిగో, మూడో వరుసలో తల దించుకుని కూర్చుంది, తన పేరు వస్తుందని ముందే కనిపెట్టినట్టుంది. భోజనాల బల్ల దగ్గర నా వాలకం చూసి సంగతంతా రాబట్టింది.

"మామయ్యా, ఆ పాత మాటలు చదివి, అర్థం చేసుకుని, కొత్తదానితో పని చేయించే ప్రోగ్రాం ఒకటి రాస్తే సరిపోతుంది. ఇంటర్‌ప్రెటర్ అంటారు."

"అంటే దుబాసీ అన్నమాట. రాసిపెట్టమ్మా, నీకు పుణ్యముంటుంది."

"నేను రాయను. మీరు రాస్తారు."

"నాకు రాదుగా!"

"రాదు కాబట్టే. కొత్త భాష నేర్చుకోవాలంటే అందులో చిన్న ఇంటర్‌ప్రెటర్ రాయడం కంటే మంచి దారి లేదు. నేనూ అలాగే నేర్చుకున్నా."

కాపాడుతుందేమోనని మా ఆవిడ వంక చూశాను. "రాయండి, టీవీ ముందు కూర్చుని గొణిగే బదులు," అంది. (నవ్వులు)

అలా మొదలైంది. పొద్దున్నే కోడలు ఆఫీసుకు వెళ్ళేముందు నాకు పాఠం. చేయాల్సింది చెప్పుకుంటే ఇంతే: ఒక వరుస చదవాలి, దాన్ని మాటలుగా తుంచాలి, ఏం అడుగుతోందో తెలుసుకోవాలి, ఆ పని చేయాలి, కింది వరుసకు పోవాలి. ఆ తుంచడానికే నాకు తల ప్రాణం తోకకొచ్చింది. "ఆర్పు" తెలుసు నా దుబాసీకి. పక్కన వాక్యం చివరి చుక్క అంటుకుని ఉంటే మాత్రం అదెవరో ఎరగనట్టు ముఖం పెట్టేది. తప్పు దొరికితే ఏమనాలో కూడా మీరే రాయాలంది కోడలు. "ఏమన్నావు? మళ్ళీ చెప్పు" అని రాశాను. ఇక చూడండి, పొద్దస్తమానం అది నన్నే అడిగేది, "ఏమన్నావు? మళ్ళీ చెప్పు." మా ఆవిడకు కంప్యూటరంటే అభిమానం ఏర్పడింది అప్పుడే. (నవ్వులు)

మొదటిసారి ఇక్కడే, ఈ వేదిక మీదే నడిపి చూశాం. బటన్ నొక్కాను. పైన దీపాలన్నీ ఒక్కసారి మెరిసి ఆరిపోయాయి. "ఆగు" అనే మాటను నా దుబాసీ బుద్ధిగా చదివింది గానీ, ఆగాలని నేను దానికి చెప్పలేదు! రెండు గంటల నాటకం రెప్పపాటులో ముగిసింది. మన సౌండ్ ఆయన తన గదిలోంచి తల బయటపెట్టి, "అయిపోయిందా? బాగుంది, పదండి ఇంటికెళ్దాం," అన్నాడు. తిట్టుకున్నాను గానీ, నేను రాసిన నాలుగు ముక్కలకు ఈ హాల్లో దీపాలు కదిలాయి కదా అని చిన్నపిల్లాడిలా పొంగిపోయాను కూడా. మళ్ళీ నేర్చుకునేవాణ్ణయ్యాను. ఆ వయసులో అదెంత సంతోషమో మీకు ఎలా చెప్పను?

అన్నీ ఒక కొలిక్కి వచ్చాయనుకున్నాక, చివరి ఘట్టం దగ్గర బండి ఆగిపోయింది. అక్కడ గురువుగారు "మెల్లగా ఆర్పు" అని రాశారు.

"మామయ్యా, మెల్లగా అంటే ఎంతసేపు?"

"మెల్లగా అంటే మెల్లగానే."

"అలా అంటే దానికి అర్థం కాదు. ఆయన ఎంత పెట్టుకున్నారో తెలియాలి."

ఆ లెక్క కాలిపోయిన బోర్డులో ఉండిపోయింది. నేను బటన్ మాత్రం నొక్కేవాణ్ణి, మిగతాది అది చూసుకునేది. గుర్తున్నంతలో పెట్టి చూశాను. ఓసారి పుటుక్కున పోయినట్టుంది, ఓసారి కరెంటు చాలక కునుకుతున్నట్టుంది. ఏదీ ఆయనది కాదు. చివరికి గురువమ్మ దగ్గరికి వెళ్ళాం. "ఫోన్లో చెప్పేది కాదురా, నేనే వస్తాను," అన్నారావిడ.

వచ్చారు. సెట్టు మీద మెట్లుంటాయి. నాయిక ఇల్లు వదిలి ఆ మెట్లు దిగి వెళ్ళిపోతుంది, ఆవిడ దిగేలోపు వెలుగు ఆరిపోవాలి. పైకి ఎక్కించాం. రెండు మెట్లు దిగారో లేదో, మోకాలు పట్టేసింది. కమ్మీ పట్టుకుని అక్కడే నిలబడిపోయారు. కళ్ళలో నీళ్ళు. "ఈ కాళ్ళు నా మాట వినడం లేదురా. దీన్ని లెక్కలోకి తీసుకోకు."

(ఆగుతారు)

అప్పుడు హాల్లోంచి మా కోడలు గొంతు. "అమ్మమ్మగారూ, దిగుతున్నప్పుడు మీరేమైనా మాట్లాడేవారా?"

ఆవిడ మెట్టు మీద కూర్చున్నారు. అక్కడి నుంచే ఆ డైలాగు అందుకున్నారు. "వెళ్ళొస్తానని చెప్పను. కానీ తలుపులు తీసే ఉంచండి. ఎప్పుడైనా వెనక్కి తిరిగి చూస్తే, మూసిన తలుపు నాకు కనపడకూడదు."

అయ్యా, ఆ గొంతుకు ఒక్క ఏడు కూడా మీద పడలేదు. అదే ఒరవడి, అదే విరుపు. సౌండ్ ఆయన రికార్డు చేశాడు, ఆ మాట ఎంతసేపుందో కొలిచి నేను దుబాసీకి చెప్పాను. మళ్ళీ నడిపాం, ఆవిడ మళ్ళీ పలికారు. వెలుగు ఆవిడ మాట వెంటే దిగుతూ వచ్చి, ఆఖరి మాటతో ఆరింది. చీకట్లోంచి, "ఇదే, ఇదే ఆయన మెల్లగా," అని వినపడింది. సౌండ్ ఆయన ముక్కు చీదుకుంటున్న చప్పుడు కూడా వినపడింది. లేదనకయ్యా, మైకు ఆన్‌లోనే ఉంది. (నవ్వులు)

నాటకం బాగా జరిగింది. మర్నాడు మేనేజర్ గారు మళ్ళీ టీ ఇచ్చారు గానీ, విశ్రాంతి ఊసెత్తలేదు. ఈ రెండేళ్ళూ నేను ఇక్కడ ఉన్నానంటే ఆయన పెద్ద మనసు, మా కోడలి మొండితనం. అమ్మా, నువ్వు రాసిపెట్టి ఉంటే గంటలో అయిపోయేది. రాయనన్నందుకు నీకు నేను రుణపడి ఉన్నాను.

ఒక్క మాట చెప్పి దిగిపోతాను. ఆ ప్రదర్శన నాడు అందరూ లేచి వెళ్ళిపోయినా గురువమ్మ తన కుర్చీలోంచి లేవలేదు. ఒంట్లో బాగాలేదేమోనని కంగారుగా కిందికి వెళ్ళాను. "ఎలా ఉందమ్మా?" అన్నాను.

"అన్నేళ్ళు ఆ వెలుగులో నిలబడ్డాను గానీ, ఇటువైపు నుంచి ఎప్పుడూ చూడలేదురా. నా మీద ఇలాగే పడేదా?"

"ఇలాగే పడేదమ్మా."

"మరి ఒక్కరైనా నాకు చెప్పలేదేం?"

ఆవిడ ఇక్కడే ఉన్నారు, తల ఊపుతున్నారు. అందుకని నటులకూ, నాట్యం చేసేవాళ్ళకూ, ఒక్క డైలాగు కోసం సాయంత్రమంతా తెరచాటున నిలబడే వాళ్ళకూ చెప్పేసి వెళ్తున్నాను. పైన నా గదిలోంచి మీరందరూ చాలా బాగా కనిపించేవారు. ప్రతి రోజూ. మీకెవరూ చెప్పి ఉండరు.

ఇంతసేపు విన్నందుకు కృతజ్ఞతలు. ఇక నాకు సెలవిప్పించండి.