వాల్మోంత్ డచెస్ జవాబు

రాజుగారి రాయబారిగా వాల్మోంత్ కొండకోటకు వచ్చిన ముసలి ప్రభువు, డచెస్‌ను చిన్నప్పుడు భుజాలమీద మోసినవాడు. పదిహేనో ఏట పెళ్లికూతురిగా తెచ్చి ఇక్కడ అప్పగించిందీ ఆయనే. ఇప్పుడామెకు ఇరవై ఆరు. భర్త పోయి నెల కూడా తిరగలేదు.

“ఇంటికొచ్చెయ్, తల్లీ. మీ నాన్నగారు నీకు మళ్లీ సంబంధం చూశారు. ఈసారి ఏకంగా మహారాణివే.”

“మరి నా కొడుకు?”

“తాతగారి సంరక్షణలో ఉంటాడు.”

“వాడితోపాటు వాడి రాజ్యం కూడానా?”

ఆయన గొంతు సవరించుకున్నాడు. “ఆరేళ్ల పసివాడు ఏం ఏలతాడమ్మా?”

“వాడు పెద్దయ్యేదాకా నేను ఏలతాను.”

“మొండికెయ్యకు. కనుమ అవతల మూడువేలమంది సైనికులున్నారు. నువ్వు మా రాజు కూతురివని మరిచిపోకు.”

“మరిచిపోలేదు. అందుకే నాన్న ఏం చేస్తారో ముందే తెలిసింది. ఈ పొద్దున మీరు దాటి రాగానే కనుమలో వంతెన విరగ్గొట్టించాను. రెండు వారాల్లో మంచు మొదలవుతుంది. ఇక వసంతం దాకా ఏ సైన్యమూ ఇటు రాలేదు.”

“ఓసి పిచ్చిపిల్లా! మరి నేనెట్లా పోను?”

“మేకల దారిన. మీకోసం నెమ్మదైన కంచరగాడిదను ఉంచాను. దారికి రొట్టె, చీజ్ కూడా కట్టించాను.”

ఆయనకు నవ్వొచ్చింది. ఆ వెంటనే కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్ల కొలువులో ఇంత ముందుచూపు ఆయన ఏ మంత్రిలోనూ చూడలేదు.

“నీకు భయం లేదా?”

“ఎందుకు లేదు? కానీ వాడికి నేను తప్ప ఎవరున్నారు?”

ముసలి ప్రభువు టోపీ తీసి, నొప్పిపెట్టే మోకాలిని మెల్లగా నేలకు ఆనించాడు.

“మా రాజుగారికి ఏమని చెప్పమని ఏలినవారి సెలవు?”