కదలని పిల్లలు

దీవి మీది బ్రూక్షాబాద్‌లో, సముద్రం ఒడ్డున అంగన్‌వాడీ. టీచర్ నూకరత్నం. వెనకున్న కొండను పేల్చి రోడ్డు వేస్తున్న కంపెనీ తరఫున జనానికి నచ్చజెప్పే అధికారి గోపినాథ్.

“చూశారా దీదీ! నేల ఇప్పుడు అంతలా ఊగిందా, ఒక్క పిల్లయినా లేచిందా?”

“అదే నా బాధ భయ్యా.”

“బాధేంటండీ! మొన్నటిదాకా మేం పేల్చినప్పుడల్లా మీ పిల్లలు కొండ మీదికే పరుగు. అక్కడేమో రాళ్లు ఎగిరి పడుతుంటాయి. మా డైరెక్టరు గారికి నిద్ర లేదు.”

“నేల ఊగితే ఎత్తుకి పరిగెత్తమని నేర్పింది నేనే. సునామీ నాడు మా అమ్మ చీరలు సర్దుకుంటా కూకుండిపోయింది. మరి దొరకలేదు.”

“అయ్యో. కానీ దీదీ, అది ప్రకృతి. ఇది అభివృద్ధి.”

“ఊపు ఒకటే కదేటి?”

“అరే, కాదు! మాది మర్యాదైన ఊపు. అసలు పేలుడు అనకండి. రాయి సడలింపు అనండి.”

“ఆ గోడకి పగులో?”

“గీత. దాని వెంట మల్లెతీగ వేయిస్తాం, రంగుల్లో. గీత ఎంత పెరిగితే తీగ అంత.”

“ఇయాల పేల్చేముందు సైరన్ వినపడలేదేటి?”

“తీయించేశాం. జనం హడలిపోతున్నారని.”

“మరి రేపు నిజంగా...”

“నెగెటివ్ మాటలొద్దు దీదీ, ఫొటో తీస్తున్నా. కదలకుండా కూర్చుంటే బిస్కెట్ ప్యాకెట్టు, పరిగెత్తితే లేదు. ఈ ఐడియా నాదే! హెడ్డాఫీసులో చప్పట్లు కొట్టారు తెలుసా? పిల్లలూ, చేతులు ఇంకొంచెం చాపండి. గౌతమీ, నవ్వమ్మా!”

“ముందు పంచు భయ్యా. ఇందాకట్నుంచీ చాపుకునే ఉన్నారు.”

“ఒక్క నిమిషం, మా ఇంజనీరు రామ్‌ప్రసాద్ గారి ఫోను. స్పీకర్లో పెడతా, మీరూ వినండి. హలో సార్! ఇవాళ్టి సడలింపు సూపర్ హిట్! ఒక్కరూ కదల్లేదు!”

“ఏం సడలింపయ్యా? మందుగుండు తెచ్చే షిప్పే రాలేదు. ఇవాళ మనం పేల్చనే లేదు! మేమందరం కొండెక్కేశాం, నువ్వెక్కడున్నావు?”

“... దీదీ.”

“లెగండి! లెగండర్రా! సంచులు ఒగ్గీసి పదండి, కొండ మీదికి! గౌతమీ, లెగు!”

“పరిగెత్తండమ్మా! పరిగెత్తండి!”

“పరిగెత్తితే బిస్కెట్ ఇవ్వనన్నావు కదా అంకుల్?”