ఎస్మీ, తలుపెయ్యవే

నీ దగ్గు కూడా తీసేశారయ్యా! వింటున్నావా హెడ్లీ? నీ దగ్గు!

పాటల పెట్టె బాగానే ఉంది, కాదన్ను. నువ్వు పోయాకైనా లండన్ కంపెనీ వాళ్ళకి బుద్ధొచ్చింది. కుర్రతనం నుంచి ఆఖరిదాకా నువ్వు పాడినవన్నీ ఒక్కచోట చేర్చి పంపారు. అట్ట మీద నీ బొమ్మ, జడలు నడుందాకా. ఎప్పుడున్నాయయ్యా నీకంత పొడుగు? వెనకాల 'ఆత్మను కదిలించే గొంతు' అని రాశారు. కదిలించే గొంతట! టీ చల్లారిందని ఇంటి రేకులు లేచిపోయేలా అరిచే గొంతు, నాకు తెలీదూ?

నేను తిన్నగా ఆ వాన రోజు పాటే పెట్టాను. గుర్తుందిగా? ఆరెంజ్ స్ట్రీట్ వెనక ఆ అగ్గిపెట్టెంత స్టూడియో. టేపు తిరుగుతోంది. నేను తడిసి ముద్దై, కొబ్బరిపాల అన్నం గిన్నెతో లోపలికొచ్చాను. నువ్వు దగ్గి, "ఎస్మీ, తలుపెయ్యవే, వాన కొడుతోంది" అన్నావు. అంటూనే పాట ఎత్తుకున్నావు. మళ్ళీ రికార్డు చేసే డబ్బుల్లేక అదే అచ్చేశారు. ముందు నా పేరు, తర్వాత నీ పాట.

అబ్బో, ఎంత ఏడిపించారు నన్ను! సంతకెళ్తే చాలు, "మిస్ ఎస్మీ, తలుపేశారా... శారా... శారా?" ఎందుకలా సాగదీస్తారో నాకు అర్థమయ్యేదే కాదు. ఆ రికార్డులేసే డాన్సులకి నేనెప్పుడొచ్చాను గనక? ఇల్లూ, పొయ్యీ, నీ జడల మతానికి తగ్గ ఉప్పులేని తోటకూరా.

సరే, ఈ పెట్టెలో ఏముందీ? గబుక్కున డ్రమ్ము. పాట. అద్దంలా ఉంది. మరి నేనేదయ్యా?

ఫోన్ చేశాను. "అమ్మా, ముందర నా పేరుండాలి కదమ్మా?" అంటే, కంపెనీ అమ్మాయి ఎంత ముద్దుగా చెప్పిందనుకున్నావ్! "శుభ్రం చేశాం మేడం. అనవసరమైన శబ్దాలన్నీ తీసేశాం. వాన చప్పుడు కూడా!"

ఈ అనవసరమైన శబ్దమే థాంక్యూ చెప్పి ఫోన్ పెట్టేసింది.

పోనీ పాత రికార్డు వేసుకుందామంటే అదీ లేదాయె. మీ స్టూడియో టేపు బూజు పట్టిందన్నారని నా రికార్డే వాళ్ళకిచ్చాను. నీ చేత్తో నువ్విచ్చిందే. తిరుగు పోస్టులో రెండు చెక్కలై వచ్చింది.

నవ్వకు. నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరున్నారు చెప్పు? పోస్టతనికి 'మిసెస్ టులాక్'ని. చర్చిలో 'సిస్టర్'ని. మీ అక్క నెరిస్‌కైతే 'ఇదిగో'ని. ఉత్త ఎస్మీ అనే నోరు ఒక్కటే మిగిలింది, అదీ ఆ నల్లబిళ్ళ మీద.

నిన్న క్లాడియస్ వచ్చాడు. వాడేనయ్యా, వీధి డాన్సుల్లో పెద్ద పెద్ద స్పీకర్లు పెట్టి రికార్డులేసేవాడు. ఇప్పుడు కర్రపట్టుకు నడుస్తున్నాడులే.

"ఏం మిస్ ఎస్మీ, అన్ని పాటలొస్తే ముఖం అలా పెట్టారేం?"

చెప్పాను. పకపకా నవ్వాడు, చచ్చినోడు. "వెర్షన్ మర్చిపోయారా?"

మర్చిపోవడం ఏమిటి, నేనెప్పుడైనా విన్నానా? నీ రికార్డుకీ వెనకవైపు ఆ వెర్షన్ ఉందిగా, పాటలోంచి గొంతు పీకేసి డ్రమ్మూ బేసూ మిగిల్చేది. అన్నేళ్ళూ నా దగ్గరున్నా, ఒక్కసారి తిప్పి వెయ్యలేదు. నీ గొంతు లేని వైపు నాకెందుకూ?

క్లాడియస్ తన రికార్డుల పెట్టె వెతికి అదే రికార్డు తెచ్చాడు. తిప్పి వేశాడు.

పాటంతా తీసేశాడయ్యా మీ ఇంజనీరు! ఒక్క మాటా లేదు. నీ పిలుపు మాత్రం ఉంచాడు. "ఎస్మీ... స్మీ... స్మీ" అని గదంతా తిప్పాడు. "తలుపెయ్యవే... యవే... యవే." పోయినట్టే పోయి, బేసు కింద నుంచి మళ్ళీ వచ్చేది.

సంతలో వాళ్ళెందుకు సాగదీశారో అప్పుడు తెలిసింది. ఊరంతా విన్నారు. నేనే వినలేదు.

క్లాడియస్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని గోడకేసి చూస్తూ కూచున్నాడు. రికార్డు నాకే వదిలేసి పోయాడు.

ఇదిగో, ఇప్పుడూ అదే తిరుగుతోంది. బయట వాన. అచ్చం ఆ రోజులాగే.

నీకో మాట చెప్పాలి. నెరిస్‌కి తెలిస్తే చంపేస్తుంది. నువ్వు పోయిన తొమ్మిదో రాత్రి, నీ మతానికా తంతు గిట్టదని నేనన్నా వినకుండా, మీ వాళ్ళంతా రమ్ము తాగి, కీర్తనలు పాడి, మేకతలకాయ సూపు జుర్రుకున్నారు. నువ్వు తిరిగొస్తే గది గుర్తుపట్టకూడదని మంచం ఇటుది అటు తిప్పారు. ఆత్మలకి ఉప్పు పడదని గడపంతా చల్లారు. తలుపేసుకోమని నాకు చెప్పి మరీ వెళ్ళారు.

వాళ్ళు సందు దాటగానే మంచం మళ్ళీ నీ వైపుకే లాగాను. ఒక్కదాన్నే. నడుం పట్టేసింది. ఉప్పు ఊడ్చి పారేశాను. కూరలో కూడా ఇప్పటికీ వెయ్యట్లేదు.

ఆ... అంటున్నావులే. వినపడుతోంది. తలుపెయ్యవే, తలుపెయ్యవే అని.

నువ్వు వెయ్యమన్నప్పుడల్లా వేశాను హెడ్లీ. ఇది మాత్రం వెయ్యను. గడప తడిస్తే తడవనీ.