ఏకాదశి తేదీ వేసిన ఎంపిక జాబితా

1924 జూన్ 16వ తేదీన మన శాఖలో గుమాస్తాగా ప్రవేశించిన శ్రీ సోమసుందరంగారు, ముప్పదిమూడు సంవత్సరాల అవిచ్ఛిన్న సేవానంతరం, నియామకాల విభాగపు హెడ్ క్లర్కుగా నేడు పదవీ విరమణ చేస్తున్నారు.

తొలి దశాబ్దం తాడేపల్లిగూడెంలో గడిపి, పిదప ఏలూరు చేరిన వీరు చదవకుండా ఏ కాగితంమీదా సంతకం చేయలేదు. చదివిన తరువాత కూడా వెంటనే చేయలేదు.

ఉపాధ్యాయుల ఎంపిక సమితి 1952 మే 23న సమావేశమై జాబితా సిద్ధపరచింది. ఆనాడు అమావాస్య. శుభకార్యానికి ఆ తిథి తగదని, కాగితాలు వ్రాసే నేను, సభ్యుల సమ్మతితోనే, గడచిన ఏకాదశి తేదీ మే 19 వేశాను. భగవత్ప్రీతికరమైన తిథివలన ఎవరికైనా హాని కలుగునని తలచలేదు.

జాబితా చెల్లుబాటు ఒక్క సంవత్సరమే. మరుసటి ఏడు మే 21న కొల్లేటి లంకలోని పాఠశాలలో ఖాళీ ఏర్పడింది. జాబితాలో మిగిలినది చేపలు పట్టే కుటుంబానికి చెందిన కనకరత్నం ఒక్కతే. వయఃపరిమితి దాటినందున ఆమెకు మరొక అవకాశం లేదు. కాగితం ప్రకారం గడువు ముగిసింది. సత్యం ప్రకారం మరునాటి వరకు ఉన్నది.

"ఏవండీ, అమావాస్యనాడు పడవ దిగొచ్చి మీ చేతికే సర్టిఫికెట్లు ఇచ్చాను గదండీ," అన్నదామె నాతో.

సోమసుందరంగారు నావైపు తిరిగారు. "మూర్తిగారూ, ఏకాదశి మీరు వేశారు, ఉపవాసం ఈ అమ్మాయి ఉండాలాండీ?"

"తేదీ దిద్దమంటారాండీ?"

"దిద్దితే అది రెండో తప్పండీ. జరిగింది జరిగినట్టు రాసివ్వండి."

వ్రాసి ఇచ్చాను. "ఏ తేదీ చెల్లునో నాకు నిశ్చయం కాలేదు, అభ్యర్థినియందు దోషం లేదన్నది నిశ్చయం" అని వారు తమ అభిప్రాయం జతపరచి, ఆనాడే పైకి పంపారు. పై అధికారులు నన్ను మందలించి, ఆమె నియామకాన్ని ఆమోదించారు. ఏ తేదీ చెల్లినదో మాత్రం తెలుపలేదు.

ధర్మశాస్త్రాలు తిరగవేసినా నాకు సమాధానం దొరకలేదు. నా దోషాన్ని బయటపెట్టించిన వారిపై కోపగించవలెనో, నన్ను దానినుండి తప్పించినందుకు నమస్కరించవలెనో కూడా చాలాకాలం తెలియలేదు. మొన్న వారినే అడిగాను: "ఇంతకీ ఆ జాబితా చెల్లినట్టాండీ, చెల్లనట్టా?"

"నాకూ తెలీలేదండీ. ఆవిడ మాత్రం రోజూ బడికెళ్తోందండీ."

ద్వారకా తిరుమల వేంకటేశ్వరుడు వీరికి సంపూర్ణారోగ్యాన్నీ దీర్ఘాయువునూ ప్రసాదించాలనీ, నా ఈ సంశయం తీరేవరకు వీరు మా మధ్య తిరుగుతూ ఉండాలనీ, అది ఇప్పట్లో తీరకూడదనీ ప్రార్థిస్తున్నాను.

— శ్రీరామమూర్తి