అప్పజెప్పలేని పిల్ల

ఏంటమ్మాయ్, రేపు సండేస్కూల్లో పిల్లలకి రక్షణ గురించి నువ్వే చెప్పాలా? కూర్చో అయితే. చెప్పడానికేముంది, నోరుంటే చాలు. మా మరిదీ చెప్పేవాడు. మరిదంటే మా చెల్లెలి మొగుడు, తాపీమేస్త్రీ. నువ్వు పుట్టకముందే పోయాడులే. మన మందిరం వెనక గోడ ఆయన కట్టిందే. ఇటుక వెంట్రుకవాసి పక్కకి జరిగినా కూలీల్ని తిట్టిపోసి మొత్తం ఊడబీకించేవాడు. "ఈయన నా పాపిడి కూడా దారం పట్టి చూస్తాడక్కా" అని మా చెల్లెలు ఒకటే నవ్వు. ఆ నవ్వు తలుచుకుంటే... సరే, పురిట్లోనే పోయింది అది. దాని కూతుర్ని నేనే పెంచాను.

ఆ పిల్లకి నత్తి. ఇంట్లో నాతో బాగానే వాగేది గానీ, పదిమంది ముందు నిలబడితే నోరు కట్టేసినట్టే. ఈయనేమో వారం వారం పిల్లలందరితో బైబిలు వాక్యం అప్పజెప్పించేవాడు. ఒక్క మాట పోయిందా, మళ్ళీ మొదటికి. సొంత కూతురైతే మరీను. "నా కూతురికే రాకపోతే ఊళ్ళో పిల్లలకి నేనేం చెప్పను?" అని అరచేతి మీద స్కేలుతో వేసేవాడు. ఒకరోజు కోపం పట్టలేక, "వాక్యం రానివాళ్ళని ప్రభువు గడప దాటనివ్వడు, తెలుసా!" అనేశాడు. బెదిరించడానికే అన్నాడమ్మా. మనం పెద్దవాళ్ళం, అనేసి మర్చిపోతాం. అది మర్చిపోలేదు.

ఆ ఏడు వానల్లోనే దానికి జ్వరం. ఛాతీలోకి దిగింది. చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్ళమన్నాడు డాక్టరు. మంచం మీద పడుకుని పెదాలు కదుపుతూనే ఉండేది. ప్రార్థన అనుకున్నాను పిచ్చిదాన్ని. చెవి పెట్టి వింటే వాక్యం! మొదటి మాట దగ్గరే తిరుగుతోంది, ముందుకి పోవడం లేదు. "ఎందుకే తల్లీ ఈ అవస్థ?" అన్నాను. "అక్కడ అ... అడుగుతారుగా పెద్దమ్మా. రాకపోతే నన్ను బయటే నిలబెడతారు. అమ్మేమో లోపలుంటుంది" అంది.

వాళ్ళ నాన్నకి కబురు పెడితే పనిలోంచి పరిగెత్తుకొచ్చాడు. చేతులకి సిమెంటు, కడుక్కోనేలేదు. నేను చెప్పింది విని అలాగే వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాడు. తర్వాత దాని చెయ్యి పట్టుకుని, "మన వీధిలో నీళ్ళొచ్చినప్పుడు నిన్నెవరు దాటించారే?" అన్నాడు. "నువ్వే." "నువ్వేం చేశావు?" "నీ భుజం ఎ... ఎక్కి కూర్చున్నా." "వాక్యం అప్పజెబితేనే ఎక్కించుకుంటానన్నానా?" "లేదు." "పడేస్తానని భయపడ్డావా?" "నాన్నవి కదా!" "అంతేనే తల్లీ. నమ్మడమంటే అదే. మన తప్పులన్నీ ప్రభువు సిలువ మీద మోసేశాడు. ఇంక మనం చెయ్యాల్సిందేం లేదు. ఆయన మీద భారం వేసి ఊరుకో, ఎత్తుకుంటాడు. నోరు తిరక్కపోయినా ఎత్తుకుంటాడు." ఎన్నేళ్ళు చెప్పాడో పాఠాలు, అలా చెప్పడం మాత్రం నేనెప్పుడూ వినలేదమ్మా. పిల్ల మొహం విచ్చుకుంది. "అయితే ఎ... ఎక్కేశాను నాన్నా" అంది.

అరచెయ్యి తిప్పి చూసుకుంది. కోపమేం లేదు, మామూలుగా, లెక్కలో సందేహం అడిగినట్టు, "మరి నన్నెందుకు కొట్టావు నాన్నా?" అంది.

ఆయనకి నోరు పెగల్లేదు. పెగిలి, "తప్పయిపోయింది తల్లీ" అనేసరికి దాని కళ్ళు మూతపడ్డాయి. మళ్ళీ తెరవలేదు. సాయంత్రానికి పోయింది.

భయపడుతూ పోలేదు, నాకు అదొక్కటే ఊరట. ఆయనకి అదీ లేదు. బతికినన్నాళ్ళూ నన్ను పట్టుకుని ఒకటే అడగడం, "వదినా, అది విన్నదంటావా?" "విన్నదయ్యా." "నువ్వు చూశావా?" నేనేం చూశానమ్మా! నాకూ తెలియదు. అయినా విన్నదనే చెప్పేదాన్ని. నమ్మేవాడు కాదు. చివరికి మంచం పట్టాక కూడా అదే మాట. విన్నదయ్యా అన్నాను. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

రేపు నువ్వు పిల్లలకి... ఏం లేదులే. ఆ కిటికీ వెయ్యమ్మా, జల్లు కొడుతోంది.