అంగుళం లూజు

మందా! మీ అబ్బాయికి నేను మందు పెట్టానా? ఎంత మాటన్నారు పిన్నిగారూ! పెట్టాలన్నా ఎలా పెడతానండీ, మా కొట్లో ఆయన మంచినీళ్ళు కూడా ముట్టలేదే!

ముందు మీరా స్టూలు మీద కూర్చోండి. అరవకండి. బయట మెట్ల మీద కూర్చున్న మీ అబ్బాయి విన్నారంటే లోపలికొచ్చి, నా తరఫున మీతోనే పోట్లాడతారు. నిన్న మా టైలరు మాస్టారితో పోట్లాడారు. ఎందుకనుకున్నారు? మాస్టారు నన్ను సూదిలో దారం ఎక్కించమన్నారని! నా కళ్ళు నొప్పెడతాయట.

చెప్తాను. అంతా చెప్తాను. మధ్యలో మాత్రం ఆపకండి. ఆపితే మళ్ళీ నోరు పెగలదు.

ఇదిగో, ఇది. అయ్యో, ముట్టుకోకండి! గుడ్డల మీద గీతలు పెట్టుకునే సుద్ద. మాస్టారు ఓ పాత మిషను కొన్నారు, అదిగో ఆ మూలది, దాని సొరుగులో దొరికింది. ఏం నీలం, చూశారా! సాయంత్రం ఆకాశం విరిగి ముక్కయినట్టు లేదూ? మాస్టారైతే దాన్ని ముద్దు పెట్టుకోవడం ఒక్కటే తక్కువ.

మొదటి గీత బ్యాంకు మేనేజరుగారిది. కుట్టిన ప్యాంటు వేసుకుని అద్దం ముందు నిలబడ్డారు. మాస్టారు నడుం దగ్గర గీత గీసి ‘నాలుగంగుళాలు తగ్గించాలి’ అని రాశారు. కత్తెర ఇంకా పట్టుకోలేదండీ! ప్యాంటు ఉన్నట్టే ఉంది, లోపల పొట్ట తగ్గిపోయింది. చప్పుడు లేదు, ఏం లేదు. ప్యాంటు జారి పాదాల మీద పడింది. ఆయనకి ఆ ధ్యాసే లేదు, అద్దంలో అటు తిరిగి ఇటు తిరిగి ఒకటే మురిసిపోవడం. నేనే కళ్ళు మూసుకుని తువ్వాలు అందించాను.

ఆ సుద్ద గుడ్డని సరిచెయ్యదు పిన్నిగారూ. మనిషిని సరిచేస్తుంది.

మాస్టారు నమ్మితేగా! మర్నాడు టీచరమ్మ కోటుకి ఎడం చెయ్యి పొడుగైందంటే, అదే సుద్దతో అంగుళం తగ్గించాలని రాశారు. కోటు చెయ్యి అలాగే ఉంది, ఆవిడ చెయ్యి అంగుళం పొట్టిదైంది. ఆవిడ ఏడుపు, మాస్టారి కంగారు! వెంటనే ‘అంగుళం పెంచాలి’ అని రాశారా, రాసి ఊరుకోవాలి కదా, పక్కనే ‘అంగుళం లూజు’ అని కూడా గీసేశారు.

అది మా అలవాటండీ. ఏది కొలిచినా ఓ అంగుళం ఎక్కువే వదులుతాం. బిగుతైతే వదలడానికి లోపల గుడ్డ ఉండదు. లూజైతే ఏముంది, ఎప్పుడైనా లోపలికి పట్టి కుట్టుకోవచ్చు. మాస్టారిది నలభై ఏళ్ళ చెయ్యి, దానంతటదే రాసేస్తుంది. నాకూ ఆయనే నేర్పారు.

ఇక చూస్కోండి, కోటు విప్పినా ఆవిడ చెయ్యి పొడుగ్గానే ఉంది. బోర్డు పైదాకా అందుతోందని వారం రోజులు సరదాపడిందట కూడా! కోటు ఉతికాక మామూలైంది. అలా తెలిసింది, ఉతికితే పోతుందని.

మాస్టారు సుద్దని చెత్తబుట్టలో పడేశారు. నేను తీసుకున్నాను.

ఎందుకంటే... ఆ రోజే మీ అబ్బాయి వచ్చారు.

జేబు చిరిగిన చొక్కా పట్టుకుని వచ్చారు. గడియారాలు బాగుచేసేటప్పుడు కంటికి పెట్టుకునే అద్దం తియ్యడం మర్చిపోయారు. ఆ అద్దంలోంచి ఆ ఒక్క కన్ను, ఇంత పెద్ద కన్ను, గోడ మీది క్యాలెండరు వంక చూసింది. నా వంక కాదు. మూడేళ్ళుగా ఎదురు కొట్లో ఆ వంచిన మెడే చూస్తున్నాను అత్తయ్యగారూ... క్షమించండి, నోరు జారింది, పిన్నిగారూ. ఆగిపోయిన గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని వింటారు చూడండి, ఆ గడియారం నేనైతే ఎంత బాగుండు అనుకునేదాన్ని. నవ్వితే నవ్వండి.

జేబు కుట్టేశాను. కుట్టి, దాని వెనక, లోపలివైపు, చిన్నగా ‘నా మీద ప్రేమ’ అని రాశాను. అంతే. అక్కడితో ఆపొచ్చు కదా? చెయ్యి ఆగిందా! పక్కనే ‘అంగుళం లూజు’ అని గీసేసింది.

చొక్కా వేసుకున్నారు. తలెత్తారు. నన్ను చూశారు.

ఆ రెండు రోజులూ నేను నేల మీద నడవలేదండీ.

మూడో రోజు నేను తుమ్మితే ఏడ్చారు. నేను కత్తిరించి పారేసిన పీలికలన్నీ ఏరుకుని మెడకి చుట్టుకున్నారు. ‘ఆమె అలిసిపోయింది’ అని వచ్చినవాళ్ళని మెట్లెక్కనివ్వలేదు. మీ కొట్లో గడియారాలన్నీ ఆపేశారు. ఆ టిక్కుటిక్కుల్లో నా మిషను చప్పుడు వినబడట్లేదట! ఇంత చక్కటి మాట నాతో ఇంకెవరంటారు చెప్పండి? వింటుంటే ఒళ్ళు పులకరించింది. అదే ఒంటికి చలి కూడా పుట్టింది.

ఏదీ, ఆసుపత్రిలో తీసిన ఆ ఎక్స్‌రే ఫిల్ము ఇలా ఇవ్వండి, కిటికీ వెలుగులో చూస్తాను.

అమ్మో. ఇదంతా గుండేనా?

ఛాతీలో చోటు లేదన్నారా? ఎన్ని రోజులన్నారు డాక్టరుగారు? వారమా... వారం కూడా అనుమానమేనా!

‘తగ్గించాలి’ అని రాయొచ్చు కదా అంటారా? టీచరమ్మని చూశాక ఏ ధైర్యంతో రాయను? అది చెయ్యి. ఇది గుండె కదండీ. వెంట్రుకవాసి ఎక్కువ తగ్గితే?

ఉతకాలి. అదొక్కటే దారి. మీరడిగితే చొక్కా విప్పట్లేదంటున్నారు, నిజమే, మీకివ్వరు. నేనడిగితే ఎప్పుడైనా ఇచ్చేస్తారు. ఈ నెల రోజుల్లో ఏ రోజడిగినా ఇచ్చేవారు.

అడగలేదని కాదు. అడిగాను. మొదటి వారమే అడిగాను, విప్పి ఇచ్చేశారు. బాల్చీలో నీళ్ళు పట్టాను, సబ్బు చేతిలో ఉంది. చెమటకి గీత అప్పటికే సగం చెరిగిపోయింది. అప్పుడు ఆయన అటూ ఇటూ చూసి, “ఇది టైలరు కొట్టు కదండీ, నేనిక్కడెందుకు కూర్చున్నాను?” అన్నారు. దారిన పోయే మనిషిని అడిగినట్టు అడిగారు. ఆ గొంతులో నేను లేను.

సుద్ద తీసి మళ్ళీ దిద్దాను.

చెయ్యి ఊరుకుంటుందా, చెరగని పాత అంగుళం పక్కన మళ్ళీ ఇంకో అంగుళం. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు చెరిగింది. రెండుసార్లూ దిద్దాను. కొలతలు చూసే మనిషిని, నాకు ఈ ఫిల్ములో ఎన్ని అంగుళాలు ఎక్కువున్నాయో ఎవరూ చెప్పక్కర్లేదు. కొట్టండి. కొట్టరేం? ఒక్కటన్నా కొట్టండి పిన్నిగారూ!

సరే. పిలుస్తాను.

ఏమండీ... ఆ చొక్కా ఓసారి విప్పి ఇస్తారా?

చూశారా? ఎందుకని కూడా అడగలేదు. గుండీలు తియ్యడానికి ఓపిక లేక తల మీంచి లాగేశారు. ఆ పక్కటెముకలు చూడండి, మధ్యలో అది ఎలా కొట్టుకుంటోందో చూడండి. ఇంత దూరానికి కనిపిస్తోంది.

కుళాయి వెనకవైపు ఉంది. సబ్బు గట్టు మీదుంది. జేబు వెనక గట్టిగా రుద్దండి, నీళ్ళలో నీలం పోయేదాకా రుద్దండి.

వద్దు, నా చేతికివ్వకండి! మీరే ఉతకండి. వెళ్ళండి, త్వరగా వెళ్ళండి. ఆయన ఇంకా నన్ను చూసి నవ్వుతూనే ఉన్నారు. మీరిక్కడ ఇంకొక్క నిమిషం నిలబడ్డారంటే, దాన్ని మీ చేతుల్లోంచి లాక్కుంటాను.