రంపం వెనక బల్ల

మిన్నెసోటాలో మంచు కురుస్తున్న ఉదయం. గరాజ్‌లో, కరెంటు రంపం మిషను వెనక, కోసిన చెక్క పలకలు అందుకుంటూ ఇరవై ఏళ్లుగా తాను నిలబడే చోట మొగుడు కొత్త బల్ల బిగిస్తుంటే ఆవిడకు ఒళ్లు మండింది.

“ఇప్పుడిదెందుకయ్యా? కోసిన పలకలు పట్టుకోడానికి నేను లేనూ?”

“ఉన్నావులే. ఇదుంటే పలక దీనిమీదికే జారిపోతుంది.”

“అంటే నా ఉద్యోగం ఊడినట్టేగా!”

“నస ఆపి ఆ మూల పట్టుకో. ఈ బల్ల, మిషను మట్టం కంటే వెంట్రుకవాసి కిందికుండాలి. లేకపోతే పలక తగులుకుని ఆగిపోతుంది.”

ఆవిడ జేబుల్లోంచి చేతులు తియ్యలేదు.

“నిజం చెప్పు. నా చేతుల గురించి డాక్టరమ్మ నీకు ఫోన్ చేసిందా?”

“ఎవరూ చెయ్యలేదు. నెల నుంచీ కాఫీ సగం కప్పే పోసుకుంటున్నావు, తొణక్కుండా.”

ఆవిడ జేబుల్లోంచి రెండు చేతులూ తీసి బల్ల మూల పట్టుకుంది.

“సరే, బిగించు.”